బావ గైర్హాజరు

అక్క బావతో మాట్లాడడం మానేసిన ఆ వారం, వాళ్ల మధ్య మాటలు మోసే పని నా మీద పడింది. "మీ బావకు చెప్పు, గ్యాస్ అయిపోయిందని" అని అక్క. "మీ అక్కకు చెప్పు, బుక్ చేసిన్నని" అని బావ. ఇద్దరూ ఉండేది ఒకే గదిలో, మధ్యలో కూర్చునేది నేను.

గొడవంతా ఒక మెసేజ్ వల్ల. బావ గోదావరిఖని దగ్గర ఓపెన్‌కాస్టు గనిలో ఒక ప్రైవేటు కాంట్రాక్టరు కింద డంపర్ నడుపుతాడు. గేటు దగ్గర మిషన్ మీద వేలు పెట్టి లోపలికి పోవాలి, మళ్లీ వేలు పెట్టి బయటికి రావాలి. ఆ హాజరు చూసే సాఫ్ట్‌వేర్ మా చిన్న ఆఫీసుదే. రాసినతను హైదరాబాదులో వేరే ఉద్యోగం చూసుకుని చక్కా పోయాడు. దాని ఆలనాపాలనా నా నెత్తిన పడింది.

బావకు రాత్రి షిఫ్టు పడ్డప్పటి నుంచి రోజూ తెల్లవారుతూనే అక్క ఫోనుకు మెసేజ్ వచ్చేది: "లోపలికి వెళ్లారు. బయటికి రాలేదు. గైర్హాజరు." తన ఫోను దుమ్ములో ఉంటుందని బావ అక్క నంబరు ఇచ్చాడు. మిగతా డ్రైవర్లు సొంత నంబర్లు ఇచ్చుకున్నారు. వాళ్లు మెసేజ్ చూసి, నాలుగు తిట్లు తిట్టి, తుడిచేసి పడుకునేవారు.

"రాత్రంత ఏడికి పోతున్నవ్?" అని అడిగింది అక్క.

"ఏడికి పోత? మట్టి ట్రిప్పులు కొడుతున్న. నైట్ షిఫ్టోళ్లకు అందరికి గిట్లనే వస్తున్నది మెసేజ్."

"అంటే, అందరు కలిసే పోతున్నరా?"

అంతే, మాటలు బంద్. నాకు నవ్వాగలేదు. బావకు మాత్రం నవ్వు రాలేదు. "నవ్వకు మరదలా. మీ ఆఫీసోళ్ల పనే గదా. జల్ది ఏదన్న చేసి మీ అక్కతోటి మాట్లాడియ్యి" అన్నాడు.

మర్నాడు ఆఫీసులో ప్రోగ్రామ్ తెరిచి చూశాను. అది ఎవరు ఎప్పుడు వేలు పెట్టారో లాగ్ ఫైలులో వరసగా రాసుకుంటూ పోతుంది. వదిలేస్తే ఆ ఫైలు ఉబ్బి ఉబ్బి కంప్యూటరంతా తానే అయి కూర్చుంటుంది. అందుకని ఫలానా వేళకు పాతది మూసి కొత్తది తెరవమని చెప్పి పెట్టాలి. వెళ్లిపోయిన మహానుభావుడు ఆ వేళను అర్ధరాత్రి అని పెట్టాడు. హాజరు మెసేజ్ పంపే భాగం, మూసిన ఫైలు మాత్రమే చదువుతుంది. బావ లోపలికి వెళ్లింది ఆ ఫైలులో ఉంది, బయటికి వచ్చింది తర్వాతి ఫైలులో పడింది. ఆ లెక్కన రాత్రి షిఫ్టు వాళ్లు ఒకరోజు వెళ్లి రాలేదు, మరుసటిరోజు వెళ్లకుండానే వచ్చారు.

నాకు ఒళ్లు మండింది. ఈ బొగ్గు ఊళ్లలో అర్ధరాత్రి రోజు మారడం ఎక్కడైనా ఉందా? మా బాపు భూగర్భ గనిలో పని చేసినన్నాళ్లూ మా ఇంట్లో రోజు మొదటి షిఫ్టుతోనే మొదలయ్యేది. నేను పుట్టింది అర్ధరాత్రి దాటాక. బాపు అప్పుడు నైట్ డ్యూటీలో ఉన్నాడు, డ్యూటీ తేదీయే నా పుట్టిన తేదీ అని రాయించాడు. బళ్లోనూ అదే, ఉద్యోగంలోనూ అదే. ఒకరోజు ముందే పుట్టి తిరుగుతున్నాను.

అందుకని వెనకాముందూ చూడకుండా ఫైలు పొద్దున ఏడింటికి, మొదటి షిఫ్టు వేళకు, మారేలా పెట్టాను. ఏడింటికి మూసిన ఫైలుకు కంప్యూటర్ ముందురోజు తేదీ వేసుకుంది, అచ్చం మా బాపులాగే. దాన్ని చూస్తే నాకు ముద్దొచ్చింది.

ఆ ముచ్చట ఒక్క పూట కూడా నిలవలేదు. గనిలో బండిని చేతి నుంచి చేతికి అప్పగిస్తారు. వచ్చేవాళ్లు ఏడుకు ముందే వేలు పెట్టి దిగుతారు, పోయేవాళ్లు ఏడు దాటాక పెట్టి వస్తారు. ఏడింటికి రెండు షిఫ్టులూ లోపలే ఉంటాయి. నేను సరిగ్గా అక్కడే కోశాను. సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "ఏందమ్మా, నిన్నటిదాక ఒక్క షిఫ్టే గాయబ్. ఇయ్యాల రెండు షిఫ్టులు గాయబ్ చేసినవ్."

లోపల ఒక్కరూ లేని వేళ కావాలి. మూడు షిఫ్టుల పనిలో అది ఆదివారం మధ్యాహ్నమే దొరుకుతుంది. ఆ రోజు కాంట్రాక్టరు బండ్లన్నీ ఆపి రిపేర్లు చేయిస్తాడు. ఫైలు వారానికోసారి, కాలనీ అంతా మటన్ తిని పడుకునే వేళకు మారేలా పెట్టి, సూపర్‌వైజర్‌ను ఒప్పించి, గొప్పగా అక్క దగ్గరికి వెళ్లాను.

"ఇగ రోజు మెసేజ్ రాదక్కా. ఐతారం నాడు ఒక్కటే వస్తది, వారమంత డ్యూటీ చేసిండని. నీ మొగడు బుద్ధిమంతుడే."

చిక్కుడుకాయలు తుంచుతున్న అక్క చెయ్యి ఆగింది. "ఐతారం దాక ఆగాల్నా నేను?"

"ఇంక అనుమానం పోలేదా నీకు?"

"అనుమానమెక్కడిదే? డంపర్ ఇడిసి ఏడికి పోతడు ఆయన. పొద్దుగాల లేచి ఫోన్ చూస్తే, లోపలికి పోయిండు, బయటికి రాలే అని ఉంటది. ఆయన వచ్చి చెప్పులు ఇడిసేదాక నా పానం నా దగ్గర ఉండది. వచ్చినంక కోపం రాదా మరి?"

గని కార్మికుడి కూతుర్ని, ఆ రెండు ముక్కలూ అన్ని రోజులూ స్క్రీన్ మీద చూశాను. ఎవరింట్లో ఎవరు చదువుతారో తట్టనే లేదు. సిగ్గేసింది.

"ఏం పంపాలె మరి?" అన్నాను.

"హాజరు గీజరు నాకెందుకు? బయటికి వచ్చిండా లేదా, గది చెప్పు చాలు."

ఇప్పుడు మిషన్ మీద వేలు పెట్టి బయటికి రాగానే రెండే మాటలు పోతాయి: "బయటికి వచ్చారు." బావ ఇల్లు చేరేసరికి అక్క మాట్లాడడం మొదలుపెట్టి ఉంటుంది. ఆపడం ఎట్లాగని బావ ఇప్పుడు నన్నే అడుగుతున్నాడు.

సంగతి ఎట్లా పాకిందో, డ్రైవర్లు ఒక్కొక్కరే మా ఆఫీసుకు వచ్చి తమ నంబరు తీయించి ఇంట్లోవాళ్ల నంబరు వేయించుకున్నారు. పెళ్లికాని ఒకతను వాళ్ల అవ్వ నంబరు ఇచ్చాడు. ఆమెకు చదువు వచ్చా అని అడిగాను.

"రాదక్కా" అన్నాడు. "చప్పుడు ఇనబడితే చాలంటది."