చామంతి కోసిన చేతులు

నవంబరు పదకొండు, మంగళవారం, ఉదయం ఏడున్నర. వైట్‌ఫీల్డ్ అవతల ఒక చామంతి తోటలో నేను సూపర్‌వైజరును. కదిరి వైపు నుంచి పనికి వచ్చి షెడ్డులో ఉంటున్న పద్నాలుగు మందిలో నాగమ్మ చేతులు పగిలి రసి కారుతుండటం ఆ వేళే చూశాను.

"అది గజ్జి సార్. అందరికీ అంటుకుంటాది, పంపించేయండి" అంది పక్క సాలులో ఉన్న రామక్క. మిగిలినవారూ వంత పాడారు. నేను నాగమ్మను బయటికి రమ్మన్నాను.

ఆమె కదలలేదు. "గజ్జయితే నా పక్కన పండుకునే బిడ్డకు ఎందుకు రాలేదప్పా? ఊరికి పోతే మానిపోతాది, ఈడికొస్తే మళ్లీ పగులుతాది. గ్లవుజులు అడిగితే రేకులు రాలిపోతాయని ఇయ్యకపోతివి. పువ్వుకుండే విలువ నా తోలుకు లేదా?"

గ్లవుజులు వద్దన్నది నేనే. పదిమందిలో ఆ మాట అనిపించుకున్న కోపంలో కూలీల పట్టీలో ఆమె పేరు కొట్టివేశాను. బిడ్డను చంకన వేసుకుని ఆమె తొమ్మిది గంటల బస్సెక్కింది.

పదకొండింటికి టీ అందుకుంటుంటే రామక్క చేతులకు కప్పుకున్న కొంగు జారింది. ఆమె చేతులూ అలాగే ఉన్నాయి. అందరినీ చేతులు చాపమన్నాను. మరో నలుగురివి పగిలి ఉన్నాయి.

"మాకూ పని పోతాదని దాచుకుంటిమి సార్" అంది రామక్క.

ఇది చామంతి ఆకు పడక వచ్చే చర్మవ్యాధి అనీ, ఒకరి నుంచి మరొకరికి అంటదనీ ఆ సాయంత్రం డాక్టరు చెప్పారు. తెలియక చేశాననుకుందామంటే, ఆమె గ్లవుజులు అడిగిన నాటి నుంచి, అడిగి తెలుసుకోవడానికి నాకు అయిదు నెలల వ్యవధి ఉంది.

చేతులు పగిలినవారిలో పని నిలబడింది అయిదుగురికి. పోయింది ఒక్క నాగమ్మకు. ఆ ఉదయం ఆమె కోసిన మూడు బుట్టల పూలను ఆ రోజే మార్కెట్టుకు పంపాను.