బిళ్ళల మీద చక్రం

ఆ ఊళ్ళో ఎవరు ఎవరి దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నారో తెలుసుకోవడానికి లైసెన్సు చూడక్కర్లేదు, చెవులుంటే చాలు. పెద్ద రోడ్డు అంచు గీత పొడవునా తెల్లటి పింగాణీ బిళ్ళలు అతికించి ఉంటాయి, బోర్లించిన చిన్న గిన్నెల్లా. ఏ కారైనా ఒక పక్క చక్రాల్ని వాటి మీదికి ఎక్కించి టకటకటకమని పోతోందంటే, అందులో ఉన్నది మాస్టారి శిష్యులేనని టీ కొట్టువాడు కూడా తల ఎత్తకుండా చెప్పేస్తాడు.

మాస్టారు డ్రైవింగ్ స్కూలు పెట్టకముందు లారీ నడిపారు. ముందున్న బండి కూడా కనబడని పొగమంచులో ఆ చప్పుడే ఆయన్ని ఎన్నోసార్లు ఇంటికి చేర్చింది. అందుకని స్టీరింగ్ పట్టుకున్న ప్రతివాళ్ళకీ మొదటి పాఠం అదే. "కన్ను మోసం చేస్తుంది, చెవి చెయ్యదు. చక్రం బిళ్ళల మీద పెట్టు. దారి అవే చూపిస్తాయి."

కట్ల నర్సమ్మ కూడా అలా నేర్చుకున్న మనిషే. ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పంపేసిన రోగుల పుళ్ళు కడిగి కట్లు మార్చడం ఆమె పని. బస్సు వెళ్ళే చోట బస్సులో, వెళ్ళని చోట కాళ్ళతో చాలాకాలం తిరిగింది. నలభై దాటాక ఒకరోజు సంచీ బల్ల మీద పడేసి, కారు నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పింది. అడగలేదు, చెప్పింది.

"ఈ వయసులో స్టీరింగ్ ఏమిటే?" అంది అత్తగారు.

"ఈ వయసులో మోకాళ్ళ నొప్పులు రావచ్చుగానీ, డ్రైవింగ్ రాకూడదా అత్తయ్యా?"

అత్తగారికి నవ్వొచ్చింది. మొగుడు మాత్రం నవ్వలేదు. ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. గీత పడితే అద్దం పనికిరాదు కాబట్టి, ఏ వస్తువునైనా పగిలిపోతుందేమో అన్నట్టే పట్టుకోవడం ఆయనకి అలవాటైపోయింది. పెళ్ళాన్ని కూడా.

నేర్చుకుంది. పాత చిన్న కారొకటి కొనుక్కుంది. ఆమె కారు వస్తుంటే రోగులు దూరంనుంచే విని చొక్కా చెయ్యి మడిచి సిద్ధంగా కూర్చునేవాళ్ళు. బిళ్ళల మీద చక్రం ఉంటే ఆమెకి మాస్టారు పక్కనే కూర్చున్నంత ధైర్యం.

ఒక మధ్యాహ్నం వానలో, సిమెంటు గొట్టాల గోడౌను దాటాక వచ్చే మలుపులో, ఒక కుక్క రోడ్డు మీదికొచ్చింది. చక్రాలు బిళ్ళల మీదే ఉన్నాయి. నర్సమ్మ బ్రేకు గట్టిగా తొక్కింది. కారు తిన్నగా ఆగాల్సింది, పక్కకి తిరిగింది. స్టీరింగ్ చేతుల్లోంచి ఎవరో లాక్కున్నట్టయింది. కారు ముక్కు రోడ్డు మధ్యకి పోయి, అడ్డంగా జారుకుంటూ అవతలి పక్కనున్న ఇనుప కమ్మీకి గుద్దుకుని ఆగింది. దీపం పగిలింది, మడ్‌గార్డు లోపలికి పోయింది, ఆమె పెదవి చిట్లింది. కుక్క ఒకసారి చూసి తన పని మీద తను వెళ్ళిపోయింది.

మెకానిక్ కారు కిందకి దూరి చూశాడు. "బ్రేకులు రెండు పక్కలా సమంగా పడుతున్నాయక్కా. టైర్లు కొత్తవే. బండిలో ఏ లోపమూ లేదు."

బండిలో లోపం లేకపోతే మిగిలింది ఎవరు? ఆ మాట ఎవరూ పైకి అనలేదు. బాగుచేసిన కారు ఇంటి ముందుకి రాగానే మొగుడు తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇంక చాలు. నీకు అదృష్టం ఉండి బయటపడ్డావు. అటునుంచి లారీ వచ్చుంటే?"

ఆమెకీ కలలోకి వస్తున్నది ఆ లారీయే.

"బ్రేకు తొక్కితే ఎందుకు తిరిగిందో తెలియాలి నాకు," అంది.

"తెలిసి ఏం చేస్తావు?"

"తాళం తీసుకుంటాను."

ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు, దొంగలు పడ్డట్టు.

మళ్ళీ బస్సు. మళ్ళీ నడక. దారిలో ఎవరు పలకరించినా ఒకటే పరామర్శ, ఆడవాళ్ళకి ఎందుకమ్మా ఈ తిప్పలని. మెకానిక్ షెడ్డులో ఆమె కారు ఉన్నప్పుడు దాని పక్కనే ముందుభాగం నుజ్జయిన మూడు కార్లు ఉన్నాయి. ఆ మూడూ నడిపింది మగాళ్ళే. వాళ్ళనెవరూ ఇంట్లో కూర్చోమని అనలేదు.

మలుపు అవతల, ఊరి చివర ఒక ముసలి మంగలి ఉన్నాడు. చక్కెర జబ్బు, కాలికి మానని పుండు. రోజూ కట్టు మార్చాలి. వానకి బస్సు రాక ఒకరోజు ఆమె వెళ్ళలేకపోయింది. మర్నాడు వెళ్ళేసరికి కట్టు తడిసి, గుమ్మంలోకే వాసన వచ్చింది. ఆమె కడగడం మొదలుపెట్టింది.

"బండి గుద్దితే మీ ఆయన తాళం లాక్కున్నాడటగా," అన్నాడు ముసలాయన, నొప్పికి మంచం పట్టె పట్టుకుని.

"లాక్కున్నారు బాబాయ్."

"నా వయసులో సగం ఉన్నప్పుడు ఒకాయన చెవి తెగ్గోశాను. మర్నాడు ఆయన కొడుకే వచ్చి గడ్డం గీయించుకున్నాడు. నేను కత్తి కింద పెట్టేసి ఉంటే ఈ ఊరు ఊరంతా గడ్డాలతో తిరిగేది."

"చెవి ఎందుకు తెగింది?"

"ఆయన తుమ్మాడు. తప్పు ఎవరిదో తెలుసుకున్నా. తర్వాతనుంచి తుమ్మొస్తే ముందే చెప్పమనేవాణ్ణి."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె మలుపు దగ్గరే బస్సు దిగిపోయింది. సన్నగా జల్లు పడుతోంది. రోడ్డు అంచున నిలబడి చెప్పుకాలు తారు మీద రుద్దింది. గరగరమని పట్టింది. అదే కాలు బిళ్ళ మీద పెట్టి తోసింది. సబ్బు రాసిన గిన్నె మీద పెట్టినట్టు సర్రున పోయింది. పడబోయి నిలదొక్కుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. దారిన పోయే సైకిలాయన వింతగా చూసినా ఆమె ఆపలేదు.

ఆ రోజు ఒక పక్క చక్రాలు తారు మీద, రెండో పక్కవి వీటి మీద. తొక్కగానే ఒక పక్క పట్టింది, ఒక పక్క జారింది. మంచం మీద బరువైన రోగిని కదిలించేటప్పుడు ఒక భుజం పట్టుకుని రెండోది వదిలేస్తే మనిషి ఎటు తిరుగుతాడో ఆమె చేతులకి తెలుసు. పట్టిన వైపే తిరుగుతాడు. కారూ అంతే, పట్టిన వైపు, రోడ్డు మధ్యకి తిరిగింది.

తిన్నగా డ్రైవింగ్ స్కూలుకి పోయింది. ఒకే గది, గోడకి మేకు కొట్టి తగిలించిన పాత లారీ స్టీరింగ్, దాని కింద మాస్టారు.

"అమ్మాయ్, ఆ బిళ్ళలు పెట్టింది ప్రాణాలు కాపాడ్డానికి," అన్నారాయన అంతా విని.

"కాదని ఎవరన్నారు మాస్టారూ? గీత దాటిపోతున్నావని చెప్పడానికి పెట్టారు. దారి అవేనని చెప్పింది మీరు."

"ఇన్నేళ్ళ లారీలో నాకెప్పుడూ—"

"మీ లారీ చక్రం నా ఛాతీ దాకా వస్తుంది. నా కారు చక్రం మీ మోకాలు దాటదు. ఆ బిళ్ళ మీకు పల్లీ గింజ, నాకు బండరాయి."

మాస్టారి మొహం ఎర్రబడింది. "నా శిష్యులు వందలమంది ఉన్నారు. ఎవరూ ఇలా వచ్చి వేలెత్తి చూపించలేదు."

"గుద్దుకున్నవాళ్ళు సిగ్గుపడి రాలేదేమో. నాకు సిగ్గు లేదు, వచ్చాను."

"వాన పడ్డ రోజు రా. నీ బండే నేను నడిపి చూపిస్తా. మీ ఆయన్ని కూడా తీసుకురా, ఆయనా చూస్తాడు."

మొగుడు ఈ మాటకి సంతోషించాడు. వాన పడిన ఉదయం ఆయనే తాళం తీసి, నర్సమ్మ చాచిన చేతిని దాటించి మాస్టారి చేతిలో పెట్టాడు. ఆమె అది చూసి పెట్టుకుంది.

కొత్త వంతెన వచ్చాక మూసేసిన పాత రోడ్డు ముక్క ఒకటి ఉంది. బండ్లు రావు, బిళ్ళలు మాత్రం అలాగే ఉన్నాయి. మాస్టారు స్టీరింగ్ పట్టారు, పక్కన నర్సమ్మ, వెనక మొగుడు. మాస్టారు ఎప్పటిలాగే చక్రాలు బిళ్ళల మీదికి ఎక్కించి, టకటకమంటుంటే ఆమె వైపు చూసి నవ్వి, బ్రేకు తొక్కారు.

కారు ముక్కు విసురుగా తిరిగింది. మాస్టారి మోచెయ్యి తలుపుకి కొట్టుకుంది. బండి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. వైపర్లు తప్ప ఏదీ కదల్లేదు. వెనకనుంచి మొగుడి వేళ్ళు ఆమె సీటులో దిగబడి ఉన్నాయి.

"నేల బాగా జారుతోంది," అన్నారు మాస్టారు.

"సరే. ఇదే నేల, ఇదే స్పీడు. ఈసారి బిళ్ళలు దిగి తొక్కండి."

తొక్కారు. కొంచెం జారినా కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. మూడోసారి ఆయన్ని ఎవరూ అడగలేదు. తనే వెనక్కి తీసుకెళ్ళి, మళ్ళీ బిళ్ళల మీదికి ఎక్కించి తొక్కారు. మళ్ళీ అడ్డం తిరిగింది. తన తప్పు తనే సరిచూసుకున్నందుకు ఆ మనిషికి ఆ మాత్రం మర్యాద దక్కాలి.

ఇంజన్ ఆపి, తాళం తీసి, అలవాటు కొద్దీ వెనక సీటు వైపు చాచారు. నర్సమ్మ మధ్యలోనే అందుకుంది.

"ఇది నాది మాస్టారూ."

వెనకనుంచి మొగుడు మెల్లగా అన్నాడు, "ఇప్పుడు తెలిసిందిగా. వానపడితే ఆ రోడ్డు అంత ప్రమాదమని నువ్వే చూపించావు. ఇంకెందుకు నీకు?"

ఆమె వెనక్కి తిరిగింది. "ప్రమాదం ఎక్కడుందో తెలియకుండా ఇన్నాళ్ళు తిరిగితే ఊరుకున్నారు. తెలిశాక కూర్చోమంటున్నారా?"

"అటునుంచి లారీ వస్తే?"

"వస్తుంది. రోడ్డన్నాక లారీలు వస్తాయి. దాని దారిలో అది, నా దారిలో నేను. మాస్టారూ, దిగి ఇటు రండి. ముసలాయన కట్టుకి వేళవుతోంది."

"మేము బస్సులో పోతాంలే," అన్నాడు మొగుడు.

"పొండి. వానలో ఎప్పుడొస్తుందో నాకు బాగా తెలుసు."

ఎవరూ బస్సుకి పోలేదు. మాస్టారు సీటు మార్చుకుని, బుద్ధిగా బెల్టు పెట్టుకున్నారు. మలుపులో కారు కొంచెం అంచుకి ఒరిగింది. టక్. ఒక్కటే. ఆమె బ్రేకు జోలికి పోలేదు. కాలు తేలిగ్గా పైకెత్తి, స్టీరింగ్ వెంట్రుకవాసి లోపలికి తిప్పింది. చప్పుడు ఆగిపోయింది. వెనక సీట్లో ఎవరో చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలారు.

"ఏం నర్సమ్మా, బాడీగార్డులతో వచ్చావు?" అన్నాడు మంగలి.

"ఖాళీగా ఉన్నారు బాబాయ్. ఆ బేసిను పట్టుకోండి," అంది మొగుడితో. ఆయన పట్టుకున్నాడు.

కొన్నాళ్ళకి మాస్టారు కొత్త శిష్యులకి పాఠం మార్చారు. "బిళ్ళ పిలిస్తే పలుకు, దాని మీద కాపురం పెట్టకు. మొదటినుంచీ నేను చెప్పేది ఇదే." దారిలోనే కారు ఆపి వింటున్న నర్సమ్మ అద్దం దించింది. "మాస్టారూ, పోయిన నెల ఏం చెప్పేవారో కూడా చెప్పండి. పాత శిష్యులు ఇంకా టకటకలాడిస్తూనే ఉన్నారు." ఆయన దగ్గారు. ఆమె కదల్లేదు. ఆయన చెప్పేదాకా వెనకబండి హారన్ కొడుతున్నా కదల్లేదు.

తాళం ఇప్పుడు ఆమె సంచీలో కత్తెర పక్కన ఉంటుంది. ఒక ఆదివారం మొగుడు షాపునుంచి అద్దాల పెట్టె తెచ్చుకోవాలని చెయ్యి చాచాడు. ఆమె తాళం తీసింది గానీ వెంటనే ఇవ్వలేదు.

"వానొచ్చేలా ఉంది. బిళ్ళల మీద బ్రేకు తొక్కరుగా?"

"తొక్కను."

"బండి ఎన్నింటికి తెచ్చిస్తారు?"