నాన్నకు నేను వేసిన మార్కులు

నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ, మా ఇంటికి వచ్చేవాళ్ల ఇళ్లలోనూ మార్కులు పడని వస్తువంటూ ఉండేది కాదు. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే, తిరుగుదారిలో కారులోనే పప్పుకి డెబ్బై, గుత్తి వంకాయకి తొంభై, సోఫా కవర్లకి నలభై అని తేల్చేసేవాళ్లం. అప్పట్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తెలుగు కుటుంబాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందరూ డాక్టర్లు, ఇంజినీర్లు, కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు. ఒకప్పుడు ర్యాంకులు తెచ్చుకుని, ఆ ర్యాంకులు పట్టుకునే ఇంత దూరం వచ్చినవాళ్లు. దేన్నయినా కొలవాలంటే వాళ్లకు తెలిసిన పద్ధతి అదొక్కటే. పిల్లలకి కూడా అదే అబ్బింది.

మా నాన్న యూనివర్సిటీలో ఇంజినీరింగ్ పాఠాలు చెప్పేవారు. మార్కుల పిచ్చి ఆయనకు మాత్రం ఎందుకో అంటలేదు. నా స్కూలు రిపోర్టు వచ్చిన రోజు మా ఇంట్లో చిన్న తతంగం నడిచేది. భోజనాల బల్ల తుడిపించి, నాచేత సిరా పెన్ను తెప్పించుకుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవారు. లెక్కల్లో అదరగొట్టినా, బొమ్మలు గీయడంలో బోర్లా పడినా ఆయన మొహం ఒకేలా ఉండేది. చదవడం అయ్యాక సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది, నా చేతికిచ్చేవారు. అంతే. ప్రపంచంలో నాన్నలందరూ ఇలాగే చేస్తారని నేను అనుకునేదాన్ని.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా యూనివర్సిటీ హాకీ జట్టుకు ఆయన్ని కోచ్‌గా పెట్టారు. కాకినాడలో చదువుకునే రోజుల్లో ఆయన కాలేజీ జట్టులో ఆడారట. ఆ మాట ఎక్కడో అన్నారు, వాళ్లు పట్టుకున్నారు. జీతం లేని పని. అయినా ప్రతి శుక్రవారం సాయంత్రం తన ట్రాక్‌సూట్ తనే ఇస్త్రీ చేసుకునేవారు. ఇంట్లో ఇంకే బట్టా ఆయన ఇస్త్రీ చేయడం మేము చూడలేదు. ఈల మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే మా అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి నవ్వేది.

ఇబ్బందల్లా ఆయనకు ముందున్న కోచ్‌తో వచ్చింది. ఆయన గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. మాతో తెలుగే మాట్లాడేవారు. మేము రైల్వే అంకుల్ అనేవాళ్లం. ఏడేళ్లలో ఐదు కప్పులు తెచ్చిన మనిషి. మోకాళ్లు అరిగిపోయి కోచ్ పని మానేశారు గానీ, గ్రౌండ్ వదిలి ఉండలేక, హాఫ్‌టైమ్‌లో ఆటగాళ్లకు ఇచ్చే కమలాపండ్లు కోసే పని తన మీద వేసుకున్నారు. గ్రౌండ్ సరిహద్దు గీత పక్కన మడత బల్ల, దాని మీద ఒక కత్తి, మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా. ఒక్కో పండును నాలుగు ముక్కలు చేసి తొక్కతోనే సర్దేవారు.

ఆ సంవత్సరం నాన్న జట్టు ఓడిపోవడం మొదలుపెట్టింది. చలికాలపు శనివారాల్లో గీత పక్కన నిలబడి చూసే అభిమానులకు ఆట కంటే పోలికే ఎక్కువ రుచించింది. పాత కోచ్ అయితే ఆ పొడుగువాణ్ణి బయట కూర్చోబెట్టేవాడా అని ఒకరు, పాత కోచ్ అయితే ఈపాటికి నాలుగు తిట్లు తిట్టేవాడని ఒకరు. మా తెలుగువాళ్లు మొదట్లో మనవాడు కోచ్ అని పులిహోర కారియర్లతో వచ్చి మురిసిపోయారు. జూలై వచ్చేసరికి వాళ్లూ అటువైపు చేరారు. వాళ్లలో మా డాక్టర్ అంకుల్‌ది మరీ చోద్యం. జీవితంలో ఏనాడూ రెండో ర్యాంకు ఎరగని మనిషి. పద్నాలుగు ఆటల్లో నాలుగు గెలిచారు, వందకి ఎంత పడుతుందో లెక్కకట్టమని ఒకరోజు నన్నే అడిగారు. ఇరవై ఎనిమిది అన్నాను. మరి రెండు ఆటలు సమానంగా ముగిశాయి కదా అంటే, గెలవనిదానికి మార్కులేమిటని కొట్టిపారేశారు.

"ముప్ఫై అయిదుకి పాసు. ఇరవై ఎనిమిదంటే ఏమన్నట్టు పాపా?" అన్నారు, అందరికీ వినబడేలా.

అందరూ నవ్వారు. నాకూ నవ్వాలనే అనిపించింది. ఆ వయసులో పెద్దవాళ్ల నవ్వులో చోటు దొరకడం గొప్పగా ఉంటుంది. కానీ లోపల సిగ్గు కూడా వేసింది. ఇరవై ఎనిమిది మార్కులవాడి కూతురిని కదా. ఆ సిగ్గులోంచే నాకా పాడుబుద్ధి పుట్టింది. ఆ కూతురుగా ఉండటం కంటే మార్కులు వేసే పక్షంలో ఉండటమే నయమనిపించింది.

ఇంటికి వెళ్లి తెల్ల అట్ట మీద స్కేలుతో గళ్లు గీసి, ఇద్దరు కోచ్‌లకీ ప్రోగ్రెస్ కార్డు తయారుచేశాను. గెలుపులు, గోల్స్, కప్పులు, క్రమశిక్షణ. అన్నింటిలో రైల్వే అంకుల్‌కి మొదటి ర్యాంకు. నాన్నకి రెండో ర్యాంకు, ఇద్దరిలో. నాన్న గెలుపుల గడిలో ఇరవై ఎనిమిది వేసి కింద ఎర్ర గీత గీశాను. అభిప్రాయం అన్నచోట 'ఇంకా శ్రద్ధ పెట్టాలి' అని ఇంగ్లీషులో రాశాను, మా టీచరు నా గురించి రాసిన మాటే. అడుగున సంతకానికి ఒక గీత కూడా వదిలాను. బుధవారం ఏదో పుట్టినరోజు విందులో డాక్టర్ అంకుల్‌కి చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వి, నా చేతిరాతని మెచ్చుకుని, కార్డు తనతో పట్టుకెళ్లారు.

శనివారం ఉదయం గ్రౌండ్‌కి వెళ్లాక తెలిసింది, ఆయన దాన్ని ముందురోజు సాయంత్రం క్లబ్బు గదిలో బోర్డుకి గుచ్చారని. దాంతోపాటు ఇంకో సంగతి కూడా చెవిన పడింది. ఆ రోజు ఆట అయ్యాక కమిటీ కూర్చుంటుందట. వచ్చే ఏడాదికి నాన్నని ఉంచాలా, తీసేయాలా అన్నది తేలుస్తారట. ఇంకేం తేల్చాలి, పాప తేల్చేసింది కదా అని ఎవరో ఆంటీ నా బుగ్గ గిల్లింది. శుక్రవారం ఇస్త్రీ పెట్టె, అద్దం, ఈల, అన్నీ కళ్లముందు తిరిగాయి. ఆయనకున్న ఒక్క సరదాని నా స్కేలూ పెన్సిలూ కలిసి ఊడగొట్టబోతున్నాయి. అంతకంటే భయం, ఆయన ఆ కార్డు చూస్తారేమోనని. నా చేతిరాత ఆయనకు తెలియంది కాదు.

ఆట మొదలైంది. క్లబ్బు గదివైపు వెళ్దామంటే గుమ్మం దగ్గరే డాక్టర్ అంకుల్ వాళ్లు సాసేజీల పొయ్యి చుట్టూ చేరారు. నేను అటూ ఇటూ తిరుగుతుంటే రైల్వే అంకుల్ పండు కోస్తూనే నన్ను పిలిచారు.

"ఏం పిల్లా, ఎందుకట్లా మొగం ఎండబెట్టుకుంటివి?"

ఏడుపు ఆగలేదు. మొత్తం చెప్పేశాను. ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. డబ్బా నా చేతుల్లో పెట్టి, హాఫ్‌టైమ్‌లో నన్నే పంచమన్నారు. ఎవరెవరు తీసుకుంటున్నారో మాత్రం కళ్లు పెట్టుకుని చూడమన్నారు. అప్పటికి జట్టు మూడు గోల్స్ వెనకబడి ఉంది.

ఈల మోగింది. కుర్రాళ్లందరూ ఆవిర్లు కక్కుతూ వచ్చారు. నాన్న ఏమీ అరవలేదు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నారు. అందరికంటే ముందు డబ్బాలో చెయ్యి పెట్టింది గోల్‌కీపరు. మూడు గోల్స్ వదిలినవాడే. రెండు ముక్కలు తీసుకుని, నోట్లో తొక్క అడ్డంగా పెట్టుకుని నాకు పళ్లు చూపించి నవ్వాడు. తర్వాత బయట కూర్చున్న పొడుగువాడు, తర్వాత మిగతావాళ్లు. రెండు నిమిషాల్లో డబ్బాలో తొక్కలు తప్ప ఏమీ లేవు.

నేను డబ్బా తీసుకెళ్లి చూపించాను. రైల్వే అంకుల్ అందులోకి చాలాసేపు చూశారు.

"నా టైమ్‌లో గెలుస్తా ఉంటే ఇట్లే ఖాళీ అయ్యేది. ఓడిపోతా ఉంటే సగం డబ్బా వాపసు వచ్చేది పిల్లా. గోల్‌కీపర్‌గాడు షెడ్డు ఎనక నిలబడుకొనేవాడు, నా ముందరికి రావాల్నంటే భయం. అప్పుడు నేను డబ్బా దిక్కు చూస్తే గదా. ఇప్పుడు కోసేది నేనే కాబట్టి కనబడతా ఉంది."

ఐదు కప్పుల మనిషి నోట ఆ మాట వినడం నాకు వింతగా ఉంది. ఆయన కత్తి తుడుచుకుంటూ, పో, పోయి నీ అట్ట నువ్వే తెచ్చుకో అన్నారు. ఈసారి డాక్టర్ అంకుల్ ఉన్నా లెక్కచేయకుండా పరిగెత్తాను. బోర్డు మీద గుండుసూది ఉంది. కార్డు లేదు.

రెండో సగం నేను సరిగ్గా చూడనేలేదు. మూడు గోల్స్ తిరిగి కొట్టారని, ఆట సమానంగా ముగిసిందని కేకలను బట్టి తెలిసింది. కమిటీ లోపలికి వెళ్లింది. రైల్వే అంకుల్ తొక్కల డబ్బా చంకన పెట్టుకునే లోపలికి వెళ్లారు. నాన్న మాత్రం ఏమీ పట్టనట్టు నీలగిరి చెట్ల కింద పడిన బంతులు ఏరి సంచిలో వేసుకుంటున్నారు. నేనూ వెళ్లి ఏరాను. ఆయన మొహంలోకి చూసే ధైర్యం లేదు. పావుగంటకి రైల్వే అంకుల్ కుంటుకుంటూ బయటికొచ్చి, "సారూ, వచ్చే ఏడూ నువ్వే" అని మా సంచి అందుకున్నారు. లోపల ఏం మాట్లాడారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నాన్న తల ఊపారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి, సంతోషం వస్తే ఆయనకు అలాగే అవుతుంది.

నా గుండెల మీంచి సగం బరువు దిగింది. మిగతా సగం కారులో ఇంటిదాకా నాతోనే వచ్చింది.

ఇంటికి రాగానే నాన్న భోజనాల బల్ల తుడవమన్నారు. కళ్లజోడు పెట్టుకుని, ట్రాక్‌సూట్ జేబులోంచి నాలుగు మడతల తెల్ల అట్ట తీసి బల్ల మీద పరిచారు. పొద్దున క్లబ్బు గది తాళం తీసింది ఆయనే మరి. అంటే ఆట మొత్తం అది ఆయన జేబులోనే ఉంది. జేబులో ఆ కార్డు పెట్టుకునే గోల్‌కీపరు భుజం తట్టారు, నాతో కలిసి బంతులు ఏరారు.

"పెన్ను పట్టుకురామ్మా" అన్నారు.

తెచ్చాను. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. ఎర్ర గీత దగ్గరా ఆ మొహం మారలేదు. అడుగున నేను వదిలిన గీత మీద సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊదారు.

"లెక్క తప్పలేదు గానీ, సమానంగా ముగిసినవాటికి సగం మార్కు వెయ్యాలి కదా. ఇవాళ్టిదీ కలిపి చూడు."

వేళ్లు మడిచి లెక్కపెట్టాను. పదిహేను ఆటల్లో ఐదున్నర. ముప్ఫై ఆరు.

"పాసయ్యాను" అన్నారు నాన్న, కార్డు నా చేతికిస్తూ.

అప్పుడు భోరుమన్నాను. తప్పయిపోయిందని వెక్కుతూనే, కోపం రాలేదా, అది అందరూ చూశారని భయం వెయ్యలేదా అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి ఒక్కటే అడిగారు, నీ రిపోర్టు నా దగ్గరికి తెచ్చేటప్పుడు ఎప్పుడైనా భయపడ్డావా అని. లేదన్నాను. మరి నాకెందుకు భయం అన్నారు. వంటింట్లోంచి అమ్మ అన్నానికి పిలిచింది. ఆ పూట తిన్నంత అన్నం నేను ఇంకెప్పుడూ తినలేదేమో.

నాన్న ఆ తర్వాత ఆరేళ్లు కోచ్‌గా ఉన్నారు. ఒక్కసారే ఫైనల్‌కి వెళ్లారు, అదీ ఓడిపోయారు. డాక్టర్ అంకుల్ లెక్కలో చివరిదాకా ఆయన రెండో ర్యాంకే. ఆ కార్డును మా అమ్మ నా డిగ్రీ సర్టిఫికెట్లు ఉన్న ఫైల్లోనే పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇప్పుడు మేము పెర్త్‌లోనే కానింగ్ వేల్ అనే పేటలో ఉంటున్నాం. మా అమ్మాయి యూనివర్సిటీకి వచ్చింది, అక్కడి జట్టుకు గోల్‌కీపరు. పోయిన శనివారం కమలాపండ్లు తెచ్చే వంతు నాది. గీత పక్కన నిలబడ్డ తెలుగు కుర్రాడు, జట్టులో ఒక పిల్లకి బాబాయి, ఈ మధ్యనే ఉద్యోగం మీద వచ్చినవాడు, ఫోన్‌లో ఏదో పట్టిక నా ముందు పెట్టాడు. "చూశారా ఆంటీ, పాత కోచ్ విన్ రేట్ సెవెంటీ. ఈవిడది ఫార్టీ కూడా లేదు. మీరే చెప్పండి, ఎవరు బెటర్?" అన్నాడు. కాసేపాగి చెబుతానన్నాను. నిజానికి నా దృష్టంతా ఆట మీదే ఉంది. మా అమ్మాయి అప్పటికి నాలుగు గోల్స్ వదిలింది.

హాఫ్‌టైమ్ ఈల మోగింది. డబ్బా మూత తీస్తూ, ఇన్నేళ్ల తర్వాత కూడా నేను గోల్‌కీపరు కోసమే చూశాను. ఇటు వస్తుందా, షెడ్డు వెనక్కి పోతుందా? కోచ్ ఏదో అన్నట్టుంది, ఇద్దరూ నవ్వారు. అమ్మాయి హెల్మెట్ చంకన పెట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చి రెండు ముక్కలు తీసుకుంది.

"అమ్మా, ఫోర్! డిడ్ యూ సీ ద లాస్ట్ వన్? సో బ్యాడ్!" అంది, గడ్డం మీద రసం కారుతుండగా.

అబ్బ, ఊపిరి పీల్చుకున్నాను. మిగతా పిల్లలూ వచ్చి డబ్బా ఊడ్చేశారు. ఆ కుర్రాడు ఇంకా ఫోన్ పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు. ఆ తొక్కల డబ్బా అతని చేతిలో పెట్టాను.

"వచ్చే శనివారం పళ్లు కోసే వంతు నువ్వు తీసుకో నాన్నా. ఎవరు మంచి కోచో అప్పుడు నువ్వే నాకు చెబుదువు గాని" అన్నాను.