మొకం తిప్పుకున్న ఇల్లు

ఆ రోజుల్లో నాకు చేతిలో డబ్బు తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ. ముఖ్యంగా ల్యాప్‌టాప్‌ల మీద. అప్పటికి నాకు సొంత ల్యాప్‌టాప్ లేదు (ఆ సంగతి అభిప్రాయాలకు ఏనాడూ అడ్డు రాలేదు). అన్నం తిని చేయి కడుక్కోగానే ఫోన్లో రివ్యూ వీడియోలు చూడడం, వాటి కింద కామెంట్లు రాయడం నా వ్యాపకం. మీట నొక్కితే ఎంత లోతుకు దిగాలి, మూత ఒక్క వేలితో లేవాలా, రెండు చేతులు పట్టాలా, తెర చుట్టూ నల్ల అంచు ఎంత సన్నగా ఉంటే మర్యాద, ఇలాంటి వాటి మీద ముక్కూమొహం తెలియని వాళ్లతో పోట్లాడేవాణ్ణి. లావుపాటి ల్యాప్‌టాప్‌ను ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. ఎవరైనా వచ్చి "అన్నా, మా తమ్ముడు డిగ్రీలో చేరాడు, ఏది కొనమంటారు?" అని అడిగితే మాత్రం పనులన్నీ పక్కన పెట్టి, వాళ్ల తమ్ముడు ఏం చదువుతాడో, ఎంత దూరం మోసుకెళ్తాడో అన్నీ విచారించి జవాబు రాసేవాణ్ణి. కామెంట్లు రాసే ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు. కొంచెం జాలి, కొంచెం బాధ.

మా బాపు జనగామలో దర్జీ. ఏ వస్తువైనా ఎలా ఉండాలన్న దాని మీద ఆయనకు ఒకటే అభిప్రాయం: కుట్టు లోపల బట్ట వదలాలి. పిల్లలు ఎదుగుతారు, పెద్దలు లావెక్కుతారు, విప్పి మళ్లీ కుడితే అదే ప్యాంటు ఇంకో రెండేళ్లు వస్తుంది. ఊళ్లో వాళ్ల మాటేమో గానీ ఈ సిద్ధాంతం బరువును కాళ్లతో మోసింది నేను. నా బడి ప్యాంట్లన్నింటిలో ఇంకో ప్యాంటుకు సరిపడా గుడ్డ ఉండేది. నడుస్తుంటే తొడలు ఒరుసుకుని చప్పుడయ్యేది, నేను వస్తున్నానని క్లాసుకు ముందే తెలిసిపోయేది. బాపుకు ఇంకో నియమం కూడా ఉండేది. పెద్దవాడు వాడింది చిన్నవాళ్లకు రావాలి. నా బ్యాగు, నా సైకిలు, నా జామెట్రీ బాక్సు అన్నీ వరసగా చెల్లెకు వెళ్లాయి. "వస్తువు మీదికెల్లి కిందికి వస్తది, కిందికెల్లి మీదికి పోదు" అనేవాడు. ఆ మాటను మా ఇంట్లో ఎవరూ తప్పు పట్టలేదు, చెల్లెతో సహా.

చెల్పూరు పవర్ ప్లాంటు దగ్గర ఒక కాంట్రాక్టరు ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికినప్పుడు బాపే స్వయంగా ల్యాప్‌టాప్ కొనిస్తానన్నాడు. ఇద్దరం జనగామ బస్టాండు దగ్గరి షాపుకు వెళ్లాం. కుట్టుమిషన్ మీంచి లేచి అలాగే వచ్చేశాడేమో, ఆయన మెడలో టేపు వేలాడుతూనే ఉంది. నేను అప్పటికే మనసులో పెళ్లాడేసిన పల్చటి వెండిరంగు ల్యాప్‌టాప్‌ను షాపాయన బల్ల మీద పెట్టాడు. బాపు దాన్ని బోర్లా తిప్పి, ప్యాంటు కుట్టు చూసినట్టు అంచు వెంబడి బొటనవేలు నడిపాడు.

"ఇది ఏడ విప్పుతరు?"

"విప్పేదుండదు కాకా. ర్యాము గీము అన్ని లోపల్నే అతికిచ్చి వస్తయి. గందుకే గింత పల్చగుంది."

"మరి రేపు పెద్ద పని పడితె ఎట్ల పెంచుకోవాలె?"

"పెంచుడు లేదు. ఎంతున్నదో గంతే."

"విప్పరాకుండ కుట్టినోన్ని నేనింత వరకు చూడలే" అని బాపు పక్కనున్న లావుపాటి దాని వైపు చేయి చాపాడు. దానికి వెనక చిన్న తలుపు ఉంది, లోపల ఇంకో ర్యామ్ ముక్క పెట్టుకునే చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీని చూసి ఆయన మొహం వికసించింది. నాకు మాత్రం బడి ప్యాంట్ల చప్పుడు చెవుల్లో మోగింది. "బాపూ, ల్యాప్‌టాప్ అంటే లాగు గాదే" అన్నాను. షాపులో ఉన్న వాళ్లంతా నవ్వారు. బాపు కూడా నవ్వాడు. తర్వాత మెడలో టేపు తీసి చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఉద్యోగం జేసేటోనివి. నీ కొలత నీకెరుక" అన్నాడు. ఆయన మీద నేను గెలిచిన మొట్టమొదటి వాదన అది. ఓడిపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికి చాలాసార్లు అనుకున్నాను.

మా ఆఫీసులో స్టోరు చూసే భాయ్‌ది భూపాలపల్లి. అతని ల్యాప్‌టాప్ ఇడ్లీ గిన్నెంత లావు. మూత కీలు విరిగితే రాగితీగతో కట్టుకున్నాడు, బ్యాటరీ రెండుసార్లు మార్చాడు, ర్యామ్ పెంచాడు. అందులో మొదటి నుంచీ ఉన్నది దాని పేరొక్కటే. నాదాన్ని అరచేతిలో పెట్టుకుని తూచి చూసి, "మస్తుగుంది మియా, అప్పడం లెక్క" అన్నాడు. దాన్ని పొగడ్తే అనుకుని ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. కొన్నేళ్లు గడిచాక రివ్యూలు చేసే వాళ్లందరి మనసు ఒక్కసారిగా మారింది. ర్యామ్ అతికించిన ల్యాప్‌టాప్ కొనడం పాపమన్నారు. వెంటనే నా అభిప్రాయం కూడా మారింది. పల్చటి వాటిని పొగిడే వాళ్లను తిట్టడం మొదలుపెట్టాను, ఆ ఊపులోనే రెండు ర్యామ్‌లు పట్టే దిట్టమైనది ఒకటి కొన్నాను. దాంతో నేను చేసిన పని బిల్లులకు ఉత్తరాలు టైపు చేయడం, రివ్యూలు చూడడం. పాతది నియమం ప్రకారం కిందికి, అంటే చెల్లెకు వెళ్లింది.

చెల్లె పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, మానుకోటలో (మహబూబాబాదే, కానీ మా వైపు ఆ పేరుతో పిలిస్తే అదేదో వేరే ఊరనుకుంటారు) ఇళ్ల ప్లాన్లు గీసే ఒక సారు దగ్గర చేరింది. పునాది తీయకముందే ఇల్లు మొత్తం తెర మీద నిలబెట్టి, చుట్టూ తిప్పి, మెట్లెక్కించి చూపించే పని. ల్యాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఏ వస్తువునూ నోరు తెరిచి అడగని పిల్ల, ఆ మొదటి రోజుల్లో ఫోన్ చేసి ఆగకుండా మాట్లాడేది. "అన్నా, పొద్దుగాల ఎండ ఏ కిటికీలకెల్లి ఏ అర్రలకు వస్తదో గది గూడ చూపిస్తన్న" అని చెప్పింది. జీవితాంతం చేయాలనుకునే పని దొరికిన మనిషి గొంతు ఎలా ఉంటుందో నేను విన్నది అప్పుడే.

తర్వాత ఫోన్లు వేరే రకంగా రాసాగాయి.

"అన్నా, చెట్టు వెడితె ఆగిపోతుంది."

"చెట్టు తీసెయ్."

"బాల్కనీకి రెయిలింగు వెడితె గూడ ఆగుతుంది."

"రెయిలింగు ఎవరు చూస్తరు చెల్లె, తీసెయ్."

నా దగ్గర సలహాలకు కొదవా? అప్‌డేట్ చెయ్, మిగతా కిటికీలు మూసెయ్, కింద చెక్క పెట్టు, ఫ్యాన్ గాలి తగలనియ్ అని అన్నీ చెప్పాను. పాపం చెల్లె అన్నీ చేసింది. చెట్లు తీసింది, రెయిలింగు తీసింది, పోర్టికోలో కారు తీసింది, చివరికి వాకిట్లో నిలబెట్టే మనుషుల బొమ్మలు కూడా తీసింది. "నీ ఇండ్లల్ల మనుషులే ఉండరేందమ్మా?" అని సారు అడిగితే, "ఇంకా గృహప్రవేశం కాలే గద సార్" అన్నదట. ఆ మాట చెప్పి తనే నవ్వింది, నేనూ నవ్వాను.

ఒకసారి ఆ ల్యాప్‌టాప్‌ను నేనే తీసుకెళ్లి స్టోరు భాయ్ ముందు పెట్టాను. భాయ్ వెనక రేకు ఊడదీసి, లోపలికి తొంగిచూసి, మళ్లీ మూసేశాడు. "పెట్టేతందుకు జాగ లేదు మియా, తీసేతందుకు జాగ లేదు. పరేషాన్ గాకు, జర చిన్న ఇండ్లు గీయమను" అన్నాడు. ఆ మాట చెప్పి ల్యాప్‌టాప్ తిరిగి ఇవ్వడానికి మానుకోట వెళ్లిన రోజే గంగారం నుంచి ఒక పంతులుగారి కుటుంబం వచ్చింది. రెండంతస్తుల ఇల్లు, తూర్పు వాకిలి. అంత పెద్ద ఇల్లు చెల్లె చేతికి రావడం అదే మొదలు. ఆ ఒక్కటి సాఫీగా చూపిస్తే ఇకనుంచి పెద్ద ఇళ్లన్నీ నీకేనని సారు మాటిచ్చాడు. నేను నా కొత్త ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఓ మూల కుర్చీలో కూర్చున్నాను.

ఇల్లు లేచింది. కింది అంతస్తు, మెట్లు, పై అంతస్తు. పంతులుగారి మొహంలో అప్పుడే గృహప్రవేశపు కళ వచ్చింది. చెల్లె ఇంటిని మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. దక్షిణం గోడ వచ్చింది, పడమటి గోడ వచ్చింది, అక్కడ ఆగిపోయింది. తెర నిండా ఇంటి వెనక భాగం, బాత్రూమ్ పైపు. అందరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

"దర్వాజ ఏది బిడ్డా?" అని పంతులుగారి తల్లి అడిగింది.

"వస్తది అవ్వా. జర ఆగు."

అవ్వ ఆగింది. చెల్లె మీటలు నొక్కింది, ఆపేసి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ దక్షిణం, మళ్లీ పడమర, మళ్లీ అదే పైపు. అవ్వ కొంగు సర్దుకుని లేచింది. "కట్టకముందుకే మొకం తిప్పుకున్నది కొడుకా. ఈ ఇల్లు మనకద్దు" అన్నది. వాస్తు పండితుడు చెప్పినా బేరమాడొచ్చు గానీ తల్లి నోట ఆ మాట పడ్డాక ఏ కొడుకు ఇల్లు కడతాడు? వాళ్లు వెళ్లిపోయారు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వాక చెల్లె వైపు చూశాను. ఆమె తెర మీది వెనక గోడనే ఇంకా చూస్తోంది.

సారు చెడ్డవాడు కాదు. కోప్పడలేదు. పెద్ద ఇళ్లు మాత్రం ఇంకొకరికి ఇచ్చి, చెల్లెను ప్రింట్లు తీసే దగ్గర కూర్చోబెట్టాడు. కొంతకాలానికి ఆమె జనగామ వచ్చేసి పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుంది. చదివింది, గట్టెక్కింది. ఇప్పుడు జఫర్‌గఢ్ వైపు ఒక ఊళ్లో పంచాయతీ కార్యదర్శి. ఆ ఉద్యోగం వచ్చిన వారమంతా బాపు కొలతలకు వచ్చిన ప్రతి మనిషికీ ఆ సంగతి చెప్పాడు. సర్కారు నౌకరి, అంతా మన మంచికే అయిందన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. ఇళ్ల పర్మిషన్ కోసం ఆమె బల్ల మీదికి ఎవరెవరో గీసిన ప్లాన్లు వస్తుంటాయి. అప్పుడప్పుడు ఫోన్ చేసి "మెట్లు తప్పు దిక్కు పెట్టిన్రన్నా, అర్ర చీకటైతది" అంటుంది. ఆ గొంతు విన్న రోజు నాకు ఏ పనీ తోచదు.

మొన్న ఆదివారం జనగామలో కలిశాం. ఫ్యాన్‌లో దుమ్ము దులుపుదామని నా ల్యాప్‌టాప్ వెనక తలుపు తీసి కూర్చున్నాను. చెల్లె పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"గిదేందన్నా?"

"ర్యామ్."

"పక్కన ఖాళీ జాగ?"

"ఇంకోటి పెట్టుకునేతందుకు. నాకు అక్కర పడలే."

ఆమె చేతిలో కాయ ఆగింది. "నేను మానుకోటల ఉన్నప్పుడు గూడ గిట్లనే ఖాళీగ ఉండెనా?"

"ఉండె" అన్నాను.

చెల్లె చిన్నగా నవ్వి, "నీది నేను, నాది నువ్వు తీసుకుంటె అయిపోతుండె గద. నాకు గూడ తోచలే చూడన్నా" అని మళ్లీ కాయలు ఒలవసాగింది. ఆమె నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆ కామెంట్ల కుర్రాడు గుర్తొచ్చి నాకూ నవ్వొచ్చింది, ఒకలాంటి నవ్వు. ముక్కూమొహం తెలియని వాడెవడో వచ్చి "అన్నా, నేను ఉత్తరాలు టైపు చేస్తాను, మా చెల్లె ఇళ్లు గీస్తుంది, ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లున్నాయి, ఏది ఎవరికి?" అని అడిగి ఉంటే ఆ కుర్రాడు ఒక్క నిమిషంలో సరైన జవాబు రాసేవాడు. ఆలస్యమెందుకని వాణ్ణి మందలించేవాడు కూడా. పాపం, చెల్లె కామెంట్లలో అడగలేదు. నాకు ఫోన్ చేసింది.