చెక్ వేరు, టెస్ట్ వేరు

తన రిపేరు షాపులో, కొత్తగా తీగ చుట్టి వార్నిష్ ఆరిన పంపు మోటారుకు మునినారాయణప్ప మూత బిగిస్తున్నాడు. ఎదురుగా ఇంజనీరు చేతన్ గడియారం చూసుకుంటున్నాడు. ఆ పంపు కాలి, నీళ్లు లేక జిగణిలో అతను పనిచేసే ఫ్యాక్టరీ పొద్దున్నుంచీ ఆగిపోయి ఉంది.

మూడేళ్ల కిందట మునినారాయణప్ప ఆ ఫ్యాక్టరీలోనే మోటార్లకు తీగ చుట్టేవాడు. ఒకసారి అతను చుట్టిన మోటారును చేతన్ కంటితో మాత్రమే చూసి, దాని తనిఖీ కార్డులో 'చెక్', 'టెస్ట్' అన్న రెండు గళ్లలోనూ సంతకం పెట్టాడు. మర్నాడే అది కాలింది. చుట్టినవాడిదే తప్పని చెప్పి మునినారాయణప్పను పనిలోంచి తీయించాడు.

"చెక్ చేసినావు కదప్పా, ఇచ్చెయ్" అన్నాడు చేతన్.

"చూసేది చెక్కు సార్. లోడ్ పెట్టి, వేడెక్కేదాకా తిప్పేది టెస్టు. నాలుగు గంటలు తిప్పల్ల. పావుగంటకొకసారి వేడి నువ్వే చూసి రాయి."

"నేనా?"

"సంతకం నీదే కదా, సదువుకున్నోనివి!"

చేతన్ ఫోను మోగుతూనే ఉంది. మునినారాయణప్ప టీ తెప్పించుకుని ఒక్కడే తాగాడు. సాయంత్రానికి ఈ మోటారు కార్డులో పదహారు అంకెలు నిండాయి.

"కింద ఇంకొక మాట రాయి సార్. మూడేండ్ల కిందట నేను చుట్టిన మోటారును ఆ పొద్దు నువ్వు టెస్ట్ చేయలేదని."

"అదెందుకిప్పుడు?"

"రాయకుంటే మోటారు ఈడనే ఉంటాది."

చేతన్ తలవంచుకుని రాసి సంతకం పెట్టాడు. మునినారాయణప్ప ఆ కార్డును ఫోటో తీసి, అతని ముందే ఫ్యాక్టరీ మేనేజరుకు పంపాడు. తర్వాత మోటారును తుడిచి, గొలుసుతో ఎత్తి, చేతన్ తెచ్చిన టెంపోలో దించాడు.