ఆస్టియోఆర్థ్రైటిస్‌ను తరిగిన ఆయా

గ్రీకు భాష ఎన్నో దండయాత్రలను తట్టుకుంది. ఒక ఆస్పత్రి ఆయా అందులోంచి వచ్చిన ఓ జబ్బు పేరును రోజూ పొద్దున్నే బీరకాయతో పాటు తరగడం మాత్రం చరిత్రకెక్కవలసిన ఘట్టం. కత్తి ఒకసారి దిగితే ఒక అక్షరం. ఆస్. టి. యో. ఆర్. ఆ తరవాతి "థ్రై"ని ఒత్తి పలకాలని హెడ్ నర్సు చెప్పింది కాబట్టి, అక్కడ ముక్క ఎగిరి పొయ్యి కింద పడేది. చివరి "టిస్" నీరసంగా తెగేది.

"ఇవాళ కూరా, పాఠమా?" అని అడిగేవాడు మొగుడు, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా.

"ఏది ముందు ఉడికితే అది తినండి."

ఈ చదువంతా ఒక కుర్చీ కోసం. స్ట్రెచర్లు తోసీ తోసీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. చీటీల కౌంటరులో కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. డాక్టరు రాసిన జబ్బు పేరు చదివి, అర్థం పట్టుకుని, రోగిని సరైన గదికి పంపగలిగితే అది ఆమెదే. ఆస్టియో అంటే ఎముక, ఆర్థ్రో అంటే కీలు, ఐటిస్ అంటే వాపు. ముగ్గురూ ఉమ్మడి కాపురం పెట్టింది ఆమె మోకాళ్లలోనే. అద్దె మాట ఎత్తరు, ఖాళీ చెయ్యరు.

పరీక్ష రోజున పెద్ద డాక్టరు అదే మాట చూపించాడు. ఆయా నోరు తెరిచింది. మాట రాలేదు. కుడిచెయ్యి దానంతటది లేచి బల్ల మీద పడింది.

"ఆస్!"

డాక్టరు కళ్లజోడు సర్దుకున్నాడు. ఆమె చెయ్యి మళ్లీ దిగింది. "టి! యో! ఆర్!" ఆయన కప్పులో టీ తొణికింది.

"అమ్మా, బల్లేం చేసింది? చెయ్యి ఆపి చెప్పు."

ఆపింది. మాటా ఆగిపోయింది. ఆ కుర్చీ చెయ్యి దాటిపోతున్నట్టే అనిపించింది ఆమెకు.

పక్కనే ఉన్న హెడ్ నర్సు నిట్టూర్చింది. "కొట్టనివ్వండి సార్. చెయ్యాడితే గానీ ఆవిడకి నోరాడదు. ఆయమ్మా, కానీ."

డాక్టరు కప్పును చేతిలోకి తీసుకున్నాడు. "థ్రై" దగ్గర బల్ల మీది కలాల డబ్బా కింద పడింది. "టిస్" అయ్యాక, ఎముక, కీలు, వాపు అని వరసగా అప్పజెప్పి, ఆయాసం తీర్చుకుంది.

"సరే, రేపట్నించి కౌంటర్లో చేరు. అక్కడ మాత్రం నెమ్మదిగా కొట్టు."

మర్నాడు ఉతికిన చీర కట్టుకుని, అందరికంటే ముందే వెళ్లి కౌంటరు తలుపు తీసింది. కుర్చీ మరమ్మతుకు వెళ్లింది.