రెగే పాటలో భాగ్యమ్మ గొంతు

1997లో నేను హోసూరులో ఒక లైట్ మ్యూజిక్ ట్రూపుకు సౌండ్ ఆపరేటర్‌ని. స్టేజీకి ఎదురుగా బల్ల వేసుకుని మిక్సర్ ముందు కూర్చోవడం నా పని. మిక్సర్‌లో ఒక్కో మైకుకూ ఒక్కో ఫేడర్ ఉంటుంది, అంటే ఆ మైకు శబ్దాన్ని పెంచి తగ్గించే మీట. పాట బాగుంటే చప్పట్లు పాడినవాళ్లకు, మైకు కూత పెడితే తిట్లు నాకు. ఇందులో పెద్ద గౌరవమేమీ లేదు గానీ, స్టేజీ మీద ఎవరు భయపడుతున్నారో అందరికంటే ముందు నాకే తెలిసేది.

ఆ ఏడాది మామిడి సీజన్‌లో కృష్ణగిరి మండీ వర్తకులు మా చేత కచేరి పెట్టించారు. మా గాయని భాగ్యమ్మకు థైరాయిడ్ గడ్డ ఆపరేషన్ అయ్యాక అదే తొలి కచేరి. పై స్థాయి అందడం లేదు, గొంతు మధ్యలో చీలుతోంది. జనం లేచిపోతే ఇంకొక గాయనిని పెట్టుకుంటానని ట్రూపు యజమాని వెంకటప్ప ఆమె మొహం మీదే చెప్పేశాడు. పాట తప్ప ఆమెకు వేరే పని తెలియదు. ఆ మాట విని నాకు ఒళ్లు మండింది.

మా బేస్ గిటారిస్టు డేవిడ్ ఆమె కోసం ఒక తెలుగు పాటను రెగే పద్ధతిలో కట్టాడు. రెగే జమైకా సంగీతం. ఆ దీవి కుర్రాళ్లు రేడియోలో అమెరికా స్టేషన్లు పట్టుకుని, అక్కడి నల్లజాతి గాయకుల సోల్ పాటలు విని పాడటం నేర్చుకున్నారని డేవిడ్ చెప్పేవాడు. సోల్ చర్చి పాటల్లోంచి వచ్చింది. అందులో గొంతు వేడుకుంటుంది, బొంగురుపోతుంది, చీలితే దాచుకోదు. తరువాత ఫంక్ అనే అక్కడి డ్యాన్సు సంగీతం నుంచి కూడా బేస్ గిటార్ పోకడలు కొన్ని రెగేలోకి వచ్చాయట. అయితే ఫంక్‌లో ఒకటో లెక్క మీద, అంటే తాళం మొదలయ్యే చోట, గట్టి దెబ్బ పడుతుంది. రెగేలో చాలాసార్లు ఆ చోటును ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీలో భాగ్యమ్మ ఊపిరి తీసుకోవచ్చని డేవిడ్ లెక్క వేశాడు.

పాట మొదలైన కాసేపటికే ఈలలు, కుర్చీలు జరుపుతున్న చప్పుళ్లు. రిహార్సల్లో బాగానే వాయించిన డ్రమ్మర్ మునిరాజు, జనం కదలడం చూసి కంగారుపడ్డాడు. అలవాటైన డప్పు దరువులోకి జారిపోయి ఒకటో లెక్క మీద దబదబా బాదసాగాడు. ఊపిరికి ఉంచిన చోటు పోయింది. రెండో చరణంలో భాగ్యమ్మ గొంతు చీలింది.

వెంకటప్ప పరుగున వచ్చి నా భుజం పట్టుకున్నాడు. ఆయనకు తెలిసిన మందు ఒక్కటే, ఎకో. అది గొంతును మళ్లీ మళ్లీ మోగించి లోపాలను కప్పేస్తుంది.

"ఎకో పెంచప్పా. ఆయమ్మ గొంతు పగులుతా ఉండాది. జనం లేస్తా ఉండారు, నీకు కనబళ్లేదా?"

పెంచితే ఆ గొంతు ఎవరిదో అయిపోతుంది, మాటలు కూడా అర్థం కావు. పెంచకుండా పాట చెడితే ఆమె బతుకు నా చేతుల మీదుగానే పోతుంది.

"పెంచనప్పా. కొంచేపు గమ్మునుండు," అన్నాను.

పెద్ద డ్రమ్ము మైకు ఫేడర్ పూర్తిగా దించేశాను. ఆ ఒకటో దెబ్బ స్పీకర్లలో మాయమైంది. డేవిడ్ బేస్‌ను పైకి తెచ్చాను. మామూలుగా వేసే కొద్దిపాటి ఎకో కూడా తీసేసి, భాగ్యమ్మ గొంతును మానిటర్‌లో పెంచాను. పాడేవాళ్లకు వాళ్ల పాట వినిపించే బాక్సు అది. ఆమె ఉలిక్కిపడి ఆగిపోయింది. స్పీకర్లలో బేస్ ఒక్కటే గట్టిగా నడుస్తోంది. వెంకటప్ప నన్ను తిడుతూ, పాట ఆపమని స్టేజీ వైపు చేతులు ఊపుతున్నాడు.

భాగ్యమ్మ ఆయన్ను చూసింది. మైకును ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. ఖాళీ వచ్చింది, ఊపిరి తీసుకుంది, పాడింది. గొంతు చీలిన చోట ఆగకుండా ఆ చీలికతోనే లాగింది. లేచినవాళ్లు మళ్లీ కూర్చోలేదు, అలాగని పోనూ లేదు. ముందు వరసలో ఒక వర్తకుడు ఈల వేయబోయిన పక్కవాడి చెయ్యి పట్టి ఆపాడు. పాట అయ్యేదాకా నేను ఫేడర్ల మీద నుంచి వేళ్లు తీయలేదు.

చప్పట్లు కాస్త ఆలస్యంగా వచ్చాయి గానీ గట్టిగానే వచ్చాయి. ఇట్లాంటి పాట ఆయమ్మకు ఇంకొకటి కట్టమని వెంకటప్ప అక్కడికక్కడే డేవిడ్‌కు చెప్పాడు. నాతో మాత్రం మాట్లాడలేదు.

స్టేజీ దిగి భాగ్యమ్మ నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. ఎకో ఎందుకు తీసేశావని నిలదీస్తుందనుకున్నాను.

"ఆపరేషన్ అయినాక నా గొంతు నేనే వినలేదప్పా," అంది. "ఇంట్లో పాడొద్దనిరి, ఈడ రిహార్సల్లో ఎకోలో దాస్తిరి. ఇంక అది పోయిందనే అనుకొంటిని. ఈ పొద్దు విన్నాను. ఉండాది."

కళ్లు తుడుచుకుని వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాను.

లోపాలు వినబడకుండా చేయడమే మంచి ఆపరేటర్ పనితనమని అంతదాకా నేనూ నమ్మేవాణ్ణి. ఇప్పటికీ ఎవరైనా ఎకో అడిగితే వేస్తాను. కానీ వేసేముందు ఒక్కసారైనా, అది లేకుండా, వాళ్ల గొంతును వాళ్లకు వినిపిస్తాను.